ఇప్పచెట్టు దగ్గర కట్

జులై 9

ఇంగ్లీషులో రాస్తే డాడీ చదివేస్తాడు. తెలుగులో నా చేతిరాత నేనే రెండోసారి చదవలేను. అందుకే తెలుగు.

తండాకి వచ్చాను. పినపాక దాటాక ఆటో దిగి, ఇంకో ఆటో ఎక్కి, అది కూడా పోలేనంటే దిగి నడిచి. దాదీ ఇల్లు. దాదీ అంటే డాడీ వాళ్ళమ్మ, రూప్లి. నాతో తెలుగులో మాట్లాడుతుంది, తిట్టేటప్పుడు లంబాడీలో తిడుతుంది. కామెర్లు తగ్గేదాకా ఇక్కడే ఉండాలట. హాస్టల్ నీళ్ళ వల్ల సగం మందికి వచ్చాయి. అందరూ ఏడ్చారు. నేను మాత్రం బాత్రూంలోకి వెళ్ళి నవ్వుకున్నాను. ఈ సంగతి ఇంకెక్కడా రాయను.

ఇక్కడ సిగ్నల్ లేదు. ఫోన్లో కడ్డీలు ఉండాల్సిన చోట చిన్న ఇంటూ గుర్తు. ఇంత అందమైన గుర్తు నేనెప్పుడూ చూడలేదు.

జులై 11

లేదన్నాను కానీ ఒకచోట ఉంది. తండా చివర గుట్ట మీద పెద్ద బండ. అక్కడికి పినపాక వైపు టవర్ అందుతుంది. సాయంత్రమైతే ఫోన్లు పట్టుకుని అందరూ అక్కడే. ఎవరి జాగా వాళ్ళది. ఇంకొకరి జాగాలో నిలబడితే గొడవే.

హాతీరాం తాత అందరికన్నా పైన నిలబడి కోడలితో మాట్లాడతాడు. కోడలు ఏమంటుందో మనకి వినపడదు. తాత దయతో ప్రతి ముక్కా తిరిగి చెబుతాడు.

"ఏందీ, నల్ల మేకను అమ్ముతవా?"

కిందున్న వాళ్ళంతా ఒకేసారి, "అమ్మొద్దను! అమ్మొద్దను!"

పక్క గూడెం నుంచి భీమక్క వస్తుంది. ఆమెకి ఫోన్ వచ్చేది ఎప్పుడో ఒకసారి. రోజూ ఎందుకొస్తావని అడిగితే, "ఊరికే ఇని పోదామని" అంది. దాదీ కూడా రోజూ వెళ్తుంది. బూర్గంపాడులో ఉన్న వాళ్ళ చెల్లెలు ఫోన్ చేస్తుందని.

ఈ బండ మీద నేను ఒక్క ముక్క మాట్లాడను. చచ్చినా.

జులై 14

చప్పిడి కూడు. ఉప్పు లేదు, కారం లేదు, నూనె లేదు. పొద్దున్నే భీమక్క తెచ్చే నేల ఉసిరి పసరు. తాగాక ప్రపంచంలో మిగతావన్నీ తియ్యగా అనిపిస్తాయి. అదే దాని మంచి గుణం.

జులై 18

దాదీ నా కనురెప్ప కిందికి లాగి చూసింది.

"తెల్లగైనయ్. మల్లెపూలోలె ఉన్నయ్."

"ఇంకా నీరసంగా ఉంది దాదీ."

"అవ్లే. నీరసంగనే మొన్న చెట్టెక్కి నేరేడుపండ్లు తెంపినవ్."

దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నిజంగానే నీరసంగా ఉంది. అనుకుంటే వస్తుంది కదా.

జులై 20

ఆదివారం. డాడీ వచ్చాడు, అమ్మ రాలేదు. డాడీ ఖమ్మంలో ఒక ఫైబర్ నెట్ కంపెనీలో టెక్నీషియన్. ఎక్కడికెళ్ళినా ఒక చేతిలో నిచ్చెన, ఇంకో చేతిలో తీగల చుట్ట. ఈసారి నా కోసం ఒక తెల్ల డబ్బా తెచ్చాడు. పంచాయతీ ఆఫీసు దాకా ఉన్న తీగని దాదీ ఇంటి దాకా లాగి, డబ్బాని గోడకి బిగించాడు. పచ్చ లైటు వెలిగింది.

"ఆన్‌లైన్ క్లాసులు చూస్కోవచ్చు బిడ్డా. ఇంకోటుంది, ఫోన్ ఇటియ్యి."

నా ఫోన్ తీసుకుని సెట్టింగుల్లో ఏదో నొక్కాడు. వైఫై కాలింగ్ అట. టవర్ అందకపోయినా ఫర్వాలేదట. మామూలు నంబరుకే ఫోన్ చేస్తే చాలు, అది ఈ డబ్బాలోంచి వచ్చి మోగుతుందట. చెబుతుంటే డాడీ మొహం ఎంత వెలిగిపోయిందంటే, ఆ పచ్చ లైటు దాని ముందు ఏమీ కాదు.

"ఇగ నువ్వు ఏడికీ పోనవసరం లేదు. మంచంల పండుకోనే మాట్లాడొచ్చు."

దాదీ తన బటన్ల ఫోన్ ముందుకు చాపింది. "నాది గూడ చెయ్."

"నీ ఫోన్‌కి అది రాదే అమ్మా."

"మంచిది. నాకు బండనే బాగుంటది."

నేను థాంక్యూ డాడీ అన్నాను.

జులై 21

ఇంట్లో ఫోన్ మోగింది.

జులై 22

వైఫై కాలింగ్ ఆఫ్ చేశాను. ఇంటూ గుర్తు తిరిగొచ్చింది. హాయ్, ఇంటూ.

జులై 24

ఇవాళ సాయంత్రం బండ మీది నుంచి హాతీరాం తాత గొంతు తండా మొత్తానికి వినపడింది.

"ఓ సోనీ! మీ నాయిన లైన్ల ఉన్నడు! వైఫై కాలింగ్ ఆన్ చెయ్యమంటుండు! ఆఫ్ అయిందంట!"

భీమక్క గొంతు: "పిల్లకు ఇనపడ్డదో లేదో, మల్ల జెప్పు!"

మళ్ళీ చెప్పాడు. అడవిలో నెమళ్ళకి కూడా తెలిసిపోయింది. ఆన్ చేశాను.

జులై 25

డాడీ అడిగేవి నాలుగే. తిన్నవా. కళ్ళెట్లున్నయ్. పసరు తాగినవా. నాలుగోది: హాస్టల్‌కు ఎప్పుడు పోదాం, వార్డెన్ మేడం అడుగుతుంది.

నాలుగోది అడగ్గానే ఫోన్ కొంచెం దూరం పెట్టాను. "వర్షం డాడీ, వినపడట్లేదు" అన్నాను. ఎండ కాస్తోంది. డాడీకి ఖమ్మంలో కనపడదు కదా.

జులై 26

ఒకటి కనిపెట్టాను!!

దాదీని బండ మీది నుంచి తీసుకురావడానికి బయల్దేరాను, డాడీ ఫోన్ వచ్చింది, మాట్లాడుతూ నడిచాను. ఇప్పచెట్టు దగ్గరికి రాగానే డాడీ మాట ఆగిపోయింది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత టూ టూ టూ. ఇంట్లో డబ్బా అక్కడి దాకానే అందుతుంది. టవరేమో గుట్ట ఎక్కితేనే. మధ్యలో రెండూ లేవు.

ఇప్పచెట్టుకి మనసులో దండం పెట్టుకున్నాను.

జులై 29

లెక్క కుదిరింది. గుమ్మం దగ్గర "తిన్నవా". మేకల దొడ్డి దగ్గర "కళ్ళు". బోరింగు దగ్గర "పసరు". అప్పటికి ఇప్పచెట్టు వచ్చేస్తుంది. నాలుగోది సగంలో తెగిపోతుంది. "హాస్టల్‌కు ఎప్..." అంతే.

బండ ఎక్కాక సిగ్నల్ వస్తుంది కానీ, అక్కడ అందరూ వింటారు, మాట్లాడనని ముందే చెప్పేశాను. డాడీ సరేనన్నాడు. నా సిగ్గు సంగతి డాడీకి తెలుసు.

నేనేం అబద్ధం చెప్పట్లేదు. నడుస్తున్నాను, అంతే. డాక్టర్లు కూడా నడవమనే చెబుతారు.

ఆగస్టు 1

ఫోన్ కట్ అయ్యాక దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని మాట్లాడుతున్నాను ఈమధ్య. ఊరికే. ఇప్పచెట్టు నుంచి గుట్ట దాకా. ఎవరూ ఉండరు.

ఇవాళ మైకు గురించి చెప్పాను. ఆదివారం మెడిసిన్ ఎంట్రన్స్ టెస్టు, సోమవారం ప్రేయర్లో మైకులో పేర్లు. తక్కువ మార్కుల నుంచి పైకి చదువుతారు. మొదట ఎవరి పేరు వస్తే వాళ్ళు లేచి నిలబడాలి, చివరి పేరు అయ్యేదాకా. నా కాళ్ళు అప్పటికే వణుకుతుంటాయి, పేరు పిలవకముందే. పేపర్ చూడగానే చదివిందంతా తెల్లగా అయిపోతుందని చెప్పాను. పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చినప్పుడు నువ్వు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో మన ఇళ్ళ లైన్ మొత్తానికి లడ్డూలు పంచావు కదా డాడీ, ఆ లడ్డూ తిన్నవాళ్ళకి ఇప్పుడు నా మొహం ఎలా చూపించాలి అని చెప్పాను.

ఫోన్ బాగా వింటుంది. మధ్యలో అడ్డం రాదు.

ఆగస్టు 3

డాడీ మెసేజ్: "సారీ బేటా. మళ్లీ కట్ అయింది. మా బాక్సు రేంజ్ చాలట్లేదు. నేను చూస్తా."

ఆగస్టు 4

"సారీ బేటా. మా సార్‌తో మాట్లాడిన. ఇంకో బాక్సు అడుగుతున్న."

ఆగస్టు 5

సారీ బేటా.

ఈ మెసేజ్‌లు చదవకుండా ఉంటే బాగుండు. నడవడం కోసమే నడుస్తున్నాను. రాశాను కదా ముందే.

ఆగస్టు 7

దాదీ ఎండుచేపల కూర వండింది, నా మంచం పక్కనే పొయ్యి పెట్టి. జొన్నరొట్టె తుంపి, కూరలో అద్ది, నా వైపు చూస్తూ నమిలింది.

"నీకు పెట్టొద్దంట బిడ్డా. పథ్యం. ఏం జేస్తం."

"వద్దులే దాదీ."

"నీకొచ్చినయ్ కొత్తరకం కామెర్లు. ఫోన్ మోగితేనే వస్తయ్, ఫోన్ కట్టయితే పోతయ్."

దాదీకి ఏం తెలుసు? ఎంత తెలుసు? తల ఎత్తకుండా చప్పిడి పప్పు తిన్నాను. దానికసలు రుచి లేదు. ఇవాళ ఇంకా లేదు.

ఆగస్టు 10

డాడీ గెలిచాడు.

ఇంకో డబ్బా, దానికి పొడుగాటి యాంటెన్నా, ఒక ఇనుప పోల్. పొద్దున్నే వచ్చి ఇప్పచెట్టు పక్కన గుంట తవ్వించాడు. హాతీరాం తాత పోల్ పాతాడు. "నీ బిడ్డ మాట్లాడుతది, నా కోడలు గూడ మాట్లాడుతది, పాతుదాం పా" అన్నాడట.

పని చూడటానికి వచ్చిన దాదీ అడిగింది. "ఆడ డబ్బా, ఈడ డబ్బా, గుట్ట మీద టవరు. మాట ఎట్ల దుంకుతది ఒకదాంట్లకెళ్ళి ఇంకోదాంట్లకు?"

డాడీ చెమట తుడుచుకున్నాడు. "వాగుల నీళ్ళు ముంచుకొని గట్టు మీదికి బిందె అందిస్తరు గదనే అమ్మా. పైన మనిషి గట్టిగ పట్టుకున్నంకనే కింద మనిషి చెయ్యి వదులుతది. ముందే వదిలితే?"

"బిందె పాయె, నీళ్ళు పాయె."

"గంతే. ఇప్పటిదాక కింద మనిషి వదిలేస్తుంది, పైన ఎవ్వలు లేరు. ఇప్పుడు ఈ డబ్బా ఇంటి డబ్బాను అందుకుంటది. గుట్ట మొదట్ల డబ్బా, టవరు రెండూ అందుతయ్. ఇది వదిలేలోపు అది పట్టుకుంటది. మాట కారిపోదు."

దాదీ నా వైపు చూసింది. నేను ఇప్పచెట్టు వైపు చూశాను.

"ఎప్పటి నుంచి పనిచేస్తది డాడీ?" అన్నాను. మామూలుగా అడిగానని అనుకుంటున్నాను.

"సోలార్ ప్లేటు గురువారం వస్తది. పెట్టంగనే చాలు. ఇగ నీ ఫోన్ కట్ కాదు బిడ్డా. మాటిస్తున్న."

బండి ఎక్కుతూ నా తల మీద చెయ్యి పెట్టాడు. డాడీ చేతికి బొబ్బలు.

ఆగస్టు 11

గురువారం దాకా టైముంది.

ఆగస్టు 12

ఇంకా ఉంది.

ఆగస్టు 13, బుధవారం

ఇవాళ జరిగిందంతా వరసగా రాస్తాను.

సాయంత్రం ఫోన్ వచ్చింది. మామూలుగానే నడిచాను. తిన్నవా, తిన్నా. కళ్ళెట్లున్నయ్, మంచిగున్నయ్. పసరు తాగినవా, తాగిన. ఇప్పచెట్టు వచ్చింది. డాడీ మాట ఆగిపోయింది. రోజూలాగే.

ఆఖరి రోజు కదా అనుకున్నాను. రేపటి నుంచి ఈ జాగా ఉండదు. అందుకని ఇవాళ వరసగా, ఏదీ వదలకుండా చెబుదామనుకున్నాను.

"నేను హాస్టల్‌కి పోను డాడీ. కామెర్లు తగ్గి చాలా రోజులైంది. కళ్ళు మల్లెపూలలాగ ఉన్నయ్. దాదీ చెప్పింది. నాకు మైకులో నా పేరు వినబుద్ధి కాదు. ఆ పేరు నువ్వు పెట్టింది కదా, దాన్ని అట్ల చదువుతుంటే నాకు ఏడుపొస్తది. నేను చదువు మానను. ఇంటి నుంచి పోతా. ఏ కాలేజీ అయినా సరే, మైకు లేకుంటే చాలు. డాక్టర్ కాకపోతే ఏమైతది డాడీ? నువ్వు నాతో మాట్లాడవా? రోజూ ఫోన్ కట్ అయ్యేది నీ డబ్బా తప్పు కాదు. నేనే కావాలని నడిచివస్తున్నా. నువ్వు సారీ పెడుతుంటే నాకు అన్నం దిగుతలేదు. ఎట్లాగూ అది చప్పిడి అన్నం, అది వేరే సంగతి."

మాట్లాడుతూ గుట్ట ఎక్కేశాను. తల ఎత్తితే బండ.

బండ మీద ఎవరూ మాట్లాడట్లేదు. హాతీరాం తాత ఫోన్ చెవి దగ్గర నుంచి దించి నా వైపే చూస్తున్నాడు. భీమక్క నోరు తెరుచుకుని ఉంది. దాదీ ఒక్కతే తన జాగాలో కూర్చుని తాపీగా ఆకూ వక్కా నములుతోంది.

అప్పుడు తట్టింది. టూ టూ టూ రాలేదు.

"ఇంకా?" అంది ఫోన్.

చేతిలోంచి జారబోయింది. పట్టుకున్నాను. స్క్రీన్ మీద కాల్ నడుస్తూనే ఉంది. డబ్బా ఎప్పుడు వదిలిందో, టవర్ ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియనే లేదు.

"ఇంకేమన్న ఉందా బిడ్డా?"

"డాడీ... సోలార్ ప్లేటు గురువారం కదా..."

"ఇయ్యాలనే వచ్చింది. మధ్యాహ్నం మావాళ్ళొచ్చి పెట్టిపోయిండ్రు. మీ దాదీ పక్కనే ఉందంట."

మధ్యాహ్నం నేను నిద్రపోయాను. దాదీ వైపు చూశాను. వక్క ఉమ్మి, "నన్నడిగినవా?" అంది.

"మరి ఇప్పచెట్టు దగ్గర ఎందుకు మాట ఆపేశావ్ డాడీ?"

"ఆ జాగా వస్తుందంటే నాకు ఊపిరాగుతది బిడ్డా. ఇయ్యాల నిలుస్తదా, కట్టయితదా అని బిగబట్టి కూసున్న. నిలిచింది. ఇంతల నువ్వు మొదలుపెట్టినవ్. అంటే ఇన్ని రోజులు మా బాక్సు తప్పు కాదా?"

"కాదు డాడీ."

"నువ్వే కావాలని నడిచినవా?"

"అవ్."

అటు నుంచి ఏదో చప్పుడు వచ్చింది. నవ్వో ఏడుపో తెలియలేదు. క్లారిటీ మాత్రం చాలా బాగుంది.

"మా సార్‌తోని కొట్లాడిన గదనే! నా బిడ్డ ఫోన్ కట్టయితుంది, నేనేం టెక్నీషియన్నని..."

పైనుంచి హాతీరాం తాత డాడీని పేరు పెట్టి పిలుస్తూ అందుకున్నాడు. "పోల్ పాతింది నేను! జగదీషూ, ఇనపడుతుందా? నడుము పట్టేసింది నాకు!"

"పసరు నూరింది నేను," అంది భీమక్క. "రోగం లేని పిల్లకు పొద్దుగాల పొద్దుగాల అడివంత తిరిగి..."

"తాగింది నేను," అన్నాను.

బండ మీద అందరూ ఒకేసారి నవ్వారు. నేను ఆ బండ మీద మాట్లాడిన మొదటి మాట అదే.

డాడీ మాత్రం నవ్వలేదు. "మైకు సంగతి ముందే ఎందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్పిన డాడీ. రోజూ చెప్పిన. కట్ అయినంక."

చాలాసేపు ఏమీ రాలేదు. ఇదివరకైతే ఈపాటికి టూ టూ వచ్చేది. ఆ నిశ్శబ్దాన్ని తెంపడానికి ఇప్పుడు ఏ చెట్టూ లేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు కాళ్ళు వణికాయి. మైకులో పేరు పిలిచినప్పటిలాగే. కానీ నిలబడ్డాను. ఇక్కడ నన్ను ఎవరూ నిలబడమనలేదు, అదొక్కటే తేడా.

"సరే," అన్నాడు చివరికి. "మీ అమ్మతోని నేను మాట్లాడుత. నువ్వు ఆ హాస్టల్ గేటు దగ్గరికి గూడ రానవసరం లేదు. నీ పెట్టె నేను తెస్త. పెట్టె నా చేతికొచ్చిందాక నువ్వు ఏం ఆలోచన జెయ్యకు. నేను పట్టుకున్నంకనే నువ్వు వదులు. సరేనా?"

సరేనని తల ఊపాను. ఫోన్లో తల ఊపితే కనపడదు.

"తల ఊపుతుంది రా!" అని దాదీ అరిచింది.

ఆగస్టు 14

ఎండుచేపల కూర. ఉప్పుతో, కారంతో. మూడు రొట్టెలు తిన్నాను. కడుపులో మంట. దాదీ మజ్జిగ ఇస్తూ, "కామెర్లు మల్ల రానీకు. పసరు ఒడిసిపోయింది" అంది.

దాదీకి మొదటి నుంచీ తెలుసట. ఇప్పచెట్టు నుంచి గుట్ట ఎక్కుతూ నేను మైకు గురించి చెప్పే ప్రతి ముక్కా గాలికి బండ మీదికి వినపడేదట. దాదీకే కాదు, అందరికీ. హాతీరాం తాత తన కోడలికి కూడా చెప్పాడట. ఆమె, పాపం ఆ పిల్లని పంపొద్దని చెప్పు మామా, అందట.

నేను రహస్యం దాచుకోవడంలో ఎంత గొప్పదాన్నో ఇప్పుడు తెలిసింది.

ఆగస్టు 17

పెట్టె వచ్చింది. డాడీ బండి వెనక కట్టుకుని తెచ్చాడు. మూత మీద తెల్ల పెయింటుతో రాసిన నా హాస్టల్ నంబరు పైన డాడీ నల్ల టేపు అంటించాడు. అమ్మకి ఇంకా కోపంగానే ఉందట, అయినా నా పుస్తకాలకి అట్టలు వేసి పంపింది. మణుగూరు కాలేజీనా, ఖమ్మంలోనా అన్నది వచ్చే వారం కూర్చుని చూద్దామన్నాడు.

సాయంత్రం డాడీ తన ఫోన్ తీసుకుని బయల్దేరాడు. ఇంటి నుంచి బండ దాకా ఒకసారి నడిచి టెస్ట్ చేయాలట. నన్ను మంచం మీద కూర్చోబెట్టి నాకు ఫోన్ చేశాడు.

"ఆపకుండ మాట్లాడుతనే ఉండు బిడ్డా. ఏడ తెగుతదో చూడాలె."

"ఏం మాట్లాడాలి?"

"ఏదన్న చెప్పు. అబద్ధమైన ఫర్వాలేదు, టెస్టింగే గద."

మేకల దొడ్డి దాటాడు. బోరింగు దాటాడు. నేను చాలా ఆలోచించాను. ఇన్ని రోజులు అంత బాగా వచ్చిన పని, ఇప్పుడు ఒక్కటి కూడా తట్టలేదు.

"ఆకలైతుంది డాడీ," అన్నాను. "జల్దీ రా."

"ఇప్పచెట్టు కాడున్న," అన్నాడు. "మంచిగ ఇనపడుతుంది."